గబ్బిలం చేత పంపిన జాబు

మన ఇళ్ళలో కాలేజీకి వెళ్ళే పిల్లలు ఈ మధ్య మరాఠీ దళిత రచయితల పుస్తకాలు ఇంగ్లీషు అనువాదాలలో చదువుతున్నారు. అన్నాభావు సాఠే, బాబూరావు బాగుల్, దయా పవార్ వంటి పేర్లు వారి నోట తరచుగా వినవస్తున్నాయి. వినడానికి సంతోషమే. అయితే ఆ పిల్లలే, “మన తెలుగులో ఇటువంటివారు ఎవరూ లేరా?” అని అడిగినప్పుడు పెద్దలం కొంచెం తడుముకొంటున్నాము. నిజానికి తడుముకోవలసిన పని లేదు. ఇంట్లో అమ్మమ్మగాని తాతగారుగాని ఉంటే, చిన్నప్పుడు బడిలో నేర్చుకొన్న గిజిగాని పద్యం ఒకటి చదవమని అడిగి చూడండి. గిజిగాడు గూడు కట్టుకొనే నేర్పును వర్ణించిన ఆ పద్యాలు మూడు తరాల తెలుగు పిల్లలు కంఠస్థం చేశారు. ఆ పద్యాలు వ్రాసిన గుఱ్ఱం జాషువాగారే పిల్లల ప్రశ్నకు జవాబు. పద్యం జ్ఞాపకం ఉండి, కవి జీవితం మాత్రం మనకు జ్ఞాపకం లేకపోవడంలో ఒక కథ ఉన్నది. ఈ నెల ఆ కథ చెప్పుకొందాము.

ముందుగా పిల్లలు చదువుతున్న ఆ మరాఠీ రచయితను గూర్చి నాలుగు మాటలు. అన్నాభావు సాఠే 1920 ఆగస్టు 1వ తేదీన మహారాష్ట్రలో, సాంగ్లీ ప్రాంతపు వాటేగావ్ గ్రామంలో, మాంగ్ కులంలో పుట్టాడు. బడి చదువు ఆయనకు దాదాపు లేనట్టే. పొట్ట చేతబట్టుకొని బొంబాయి చేరి, మిల్లులో కూలిపని చేస్తూ, కార్మికుల వాడల్లో తమాషా ఆటలు ఆడి, పోవాడాలు పాడి పేరు సంపాదించాడు. ముప్ఫైకి పైగా నవలలు వ్రాశాడు. 1959లో వెలువడిన ‘ఫకీరా’ నవలను డాక్టర్ అంబేడ్కరుకు అంకితం చేశాడు. 1969 జూలై 18న, ఏభై యేళ్ళు నిండకుండానే, బీదతనంలోనే కన్నుమూశాడు. మహారాష్ట్రలోని మాంగులూ మన మాదిగలూ కూడ మాతంగ నామాన్ని తమదిగా చెప్పుకొనేవారే. ఒక విధంగా సాఠే, జాషువా తోబుట్టువుల బిడ్డలు.

జాషువాగారు 1895 సెప్టెంబరు 28న గుంటూరు జిల్లా వినుకొండలో జన్మించారు. 2022లో జిల్లాలను విడదీసిన పిమ్మట ఆ ఊరు పల్నాడు జిల్లాలోకి వచ్చింది. తండ్రి వీరయ్యగారు యాదవులు, తల్లి లింగమ్మగారు మాదిగ కులస్థురాలు. ఇంటి మతం క్రైస్తవం. ఇప్పటి రోజుల్లో కులాంతర వివాహమంటే పత్రికలలో ఫోటో వేస్తారు గాని, ఆ రోజుల్లో అది బిడ్డల పాలిటి బరువు. తండ్రి వైపువారికి పరాయివాడు, తల్లి వైపు చూస్తే అంటరానివాడు. బడిలో వేరుగా కూర్చోవలసిన బాలుడు. ఇన్ని మాటలు పడుతూ పెరిగిన పిల్లవాడు బొమ్మలు వేసేవాడు, పాటలు పాడేవాడు, పద్యమంటే ప్రాణం పెట్టేవాడు.

ఆ ఊళ్ళోనే మంచివారూ ఉన్నారు. తరువాతి కాలంలో కవిగా పేరుపొందిన దీపాల పిచ్చయ్యశాస్త్రిగారు జాషువాకు బాల్యస్నేహితుడు. ఆ స్నేహంలోనే కవిత్వపు రుచి కుదిరింది. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి దగ్గర మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చదువుకొన్నారు. ఊరంతా ఒక తీరుగా ఉన్న కాలంలో ఒక పండితుడు ఈ పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకొని కాళిదాసును చెప్పాడంటే అది చిన్న విషయం కాదు. ఆ మేఘసందేశం పాఠం ముందు ముందు ఎక్కడ ఫలించిందో చూద్దాము.

చదువు ఒక ఎత్తు, బ్రతుకుతెరువు ఒక ఎత్తు. 1910లో మేరీ అనే ఆమెతో పెండ్లి అయింది. మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడుగా చేరారు. ఆ ఉద్యోగమూ నిలవలేదు. 1915–16 సంవత్సరాలలో రాజమండ్రి వెళ్ళి ఒక వింత ఉద్యోగం చేశారు. అవి మూకీ సినిమాల రోజులు. తెర మీద బొమ్మలు ఆడుతూ ఉంటే, ప్రక్కన నిలబడి కథా, సంభాషణలూ ప్రేక్షకులకు వినిపించడం ఆయన పని. తెర మీద ఎవరి కథో ఆడుతుంటే చీకట్లో నిలబడి ఊరివారికంతకూ దాన్ని చెప్పిన గొంతు జాషువాగారిది. పిమ్మట గుంటూరులో లూథరన్ మిషను వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు, అక్కడే ప్రభుత్వ పాఠశాలలో 1928 మొదలు 1942 వరకు పనిచేశారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకులుగానూ పనిచేశారు. కవికి భూములు లేవు, జమీందారీ లేదు, ఇంట్లో పాండిత్య వారసత్వమూ లేదు. నెల జీతం మీద బ్రతికిన మనిషి, ఆ జీతానికి నడుమ దొరికిన సందులో వ్రాసిన కవిత్వమే అది.

అవమానాలు మాత్రం జీతం లాగా కాదు, అవి క్రమం తప్పకుండా వచ్చేవి. ఒకసారి వినుకొండలో జరిగిన అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు గోల చేశారు. తన కవిత్వం విని భేషని తల ఊపినవారే, తమరిది ఏ కులమని అడిగి, తెలిసిన తరువాత లేచి వెళ్ళిపోయేవారని, ఆ క్షణంలో ఎంత గాయపడేవాడో ఆయన పద్యంలోనే చెప్పుకొన్నారు. ఇటు ఇదయితే, అటు చర్చివారు కూడ ఆయనను ఆదరించలేదు. రాముణ్ణి గూర్చీ శివుణ్ణి గూర్చీ వ్రాస్తున్నాడు గనుక ఈయన హిందూ కవి అని తమ సంఘం నుంచి వెలివేశారు. గుడివారికి క్రైస్తవుడు, చర్చివారికి హిందువు. రెండు గుమ్మాల వద్దా నిలబడ్డవాడు క్రమంగా ఏ గుమ్మమూ అక్కరలేని మానవతావాదం వైపు, నాస్తికత్వం వైపు జరిగాడంటే ఆశ్చర్యం లేదు. పేదరికమూ, కులమత భేదమూ తనకు ఇద్దరు గురువులని ఆయన చెప్పుకొనేవారు. మొదటిది ఓర్పు నేర్పితే, రెండవది ఎదిరించడం నేర్పిందట.

1932లో ‘పిరదౌసి’ కావ్యం వచ్చింది. పారసీక కవి ఫిరదౌసి కథ మన పాఠకులకు తెలిసినదే. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చాడు. ముప్ఫై యేళ్ళు కూర్చొని షానామా వ్రాసి తెస్తే, బంగారానికి బదులు వెండి నాణేలు పంపించాడు. ఆ కవి గుండె పగిలిన వైనమే జాషువాగారి కావ్యం. వెయ్యేళ్ళనాటి పరదేశపు కవి కథను గుంటూరులో ఒక బడిపంతులు ఎందుకు ఎన్నుకొన్నాడని అడిగితే, చేసిన పనికి న్యాయమైన కూలి దొరకని బాధ ఏమిటో ఆయనకు బాగా తెలుసు కాబట్టి అని చెప్పవచ్చు. పని చేయించుకొని మాట తప్పడం సుల్తానులకు మాత్రమే చేతనైన విద్య కాదు. మన పల్లెల్లో కళ్ళాల దగ్గర ఏటేటా జరిగినదీ అదే.

ఇక 1941లో వచ్చిన ‘గబ్బిలం’. జాషువా పేరు చెప్పగానే తెలుగువాడికి మొదట జ్ఞాపకం వచ్చే కావ్యం ఇది. కాళిదాసు మేఘసందేశంలో భార్యకు దూరమైన యక్షుడు మబ్బును పిలిచి ఆమెకు కబురు పంపుతాడు. యక్షుడు దేవజాతివాడు, మేఘం అందమైనది, కబురు ప్రేమ కబురు. జాషువాగారు ఆ అచ్చును అట్లాగే తీసుకొని లోపలిదంతా మార్చివేశారు. కబురు పంపేవాడు చెప్పులు కుట్టుకొని బ్రతికే అరుంధతీసుతుడు. అతనిది విరహం కాదు, ఆకలి. కబురు అందుకోవలసినది కాశీ విశ్వనాథుడు. కబురు మోసేది గబ్బిలం.

గబ్బిలాన్నే ఎందుకు ఎన్నుకొన్నట్టు? మన ఇళ్ళలో గబ్బిలం జొరబడితే అపశకునమంటాము. కొందరు శాంతి కూడ చేయిస్తారు. అటువంటి అపశకునపు ప్రాణి గుడి గర్భాలయంలో నిక్షేపంగా తలక్రిందులుగా వ్రేలాడుతూ ఉంటుంది. దాన్ని ఎవరూ కులం అడగరు, వెళ్ళగొట్టరు. ఆ గుడికి రాళ్ళెత్తిన మనిషికి మాత్రం ప్రవేశం లేదు. రాత్రివేళ తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో ఆ అభాగ్యుడు తన మొర చెప్పుకొంటాడు. నీవు గుడిలో వ్రేలాడేటప్పుడు స్వామి చెవి నీకు దగ్గరగా ఉంటుంది గదా, అర్చకుడు అటు వెళ్ళిన సమయం చూచి నా బ్రతుకు సంగతి ఆయన చెవిని వేయమని బ్రతిమాలుకొంటాడు. దేవుడు వినడని అతని అనుమానం కాదు. దేవుడికి చెప్పనివ్వరని అతని దుఃఖం. ఈ రెంటికీ చాలా తేడా ఉన్నది. దక్షిణదేశం నుంచి కాశీ దాకా గబ్బిలానికి దారి చెబుతూ, నడుమ తెలుగుదేశపు చారిత్రక స్థలాలన్నిటినీ ఎంతో గర్వంగా చూపిస్తాడు. తనను లోపలికి రానివ్వని దేశమే అయినా అది తన దేశమే అన్న అభిమానం ఆ పద్యాలలో పొంగిపొర్లుతూ ఉంటుంది. చదువుతున్న మనకు గొంతు పట్టుకొనేది ఆ తావులలోనే.

ఇతని రెక్కల కష్టం లేకపోతే పైరు పండదు, అందరికీ అన్నం పెట్టేవాడు ఇతనే, ఇతనికి మాత్రం తిండి లేదు అని కవి ఆ కావ్యంలో వాపోయాడు. సరిగ్గా ఇదే మాట పదిహేడేళ్ళ తరువాత, 1958లో, బొంబాయిలో జరిగిన దళిత సాహిత్య సమ్మేళనంలో అన్నాభావు సాఠే మరొక విధంగా చెప్పాడు. భూమి ఆదిశేషుడి పడగల మీద నిలిచి లేదు, దళితుల, శ్రామికుల అరచేతుల మీద నిలిచి ఉన్నదని ఆ ప్రసంగ సారాంశం. ఇద్దరి మాటా ఒకటే, చెప్పిన తీరు మాత్రం వేరు. సాఠే ఎదుట కూర్చున్నవారు మిల్లు కార్మికులు, తనవంటివారు. వారికి తమాషా, పోవాడా కావాలి. జాషువా ఎదుట ఉన్నవి పండిత సభలు. అక్కడ సీసం, ఉత్పలమాల, చంపకమాల తెలియనివాణ్ణి గుమ్మం ఎక్కనివ్వరు. నీకు ఛందస్సు రాదని ఎవరూ అనడానికి వీలులేకుండా, వారి ఛందస్సులోనే, వారికంటె తీయగా, వారి తప్పును వారికి చెప్పాడాయన. మధురంగా ఉన్నది గనుక విన్నారు. విన్న తరువాత కాదనలేకపోయారు.

ఆ కావ్యం వచ్చిన కాలాన్ని కూడ గమనించాలి. అప్పటికి రెండేళ్ళ క్రితం, 1939 జూలైలో, మదురై మీనాక్షి ఆలయంలోకి దళితులు మొదటిసారి ప్రవేశించారు. అది దేశమంతా చెప్పుకొన్న సంఘటన. మద్రాసు రాజధాని అంతటా దేవాలయాల తలుపులు చట్టరీత్యా అందరికీ తెరచినది 1947లో. ఈ రెంటి నడుమ, ఎక్కువ గుళ్ళ తలుపులు మూసి ఉన్న రోజులలో వచ్చిన కావ్యం ‘గబ్బిలం’. కనుక అది కవి ఊహలోంచి వచ్చిన అలంకారం కాదు. ఆనాడు గబ్బిలానికి ఉన్న హక్కు నిజంగానే ఆ మనిషికి లేదు.

కాలం గడచినకొద్దీ గౌరవాలూ వచ్చాయి. తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తమ చేతులతో జాషువాగారి కాలికి గండపెండేరం తొడిగారు. ఒక బ్రాహ్మణ పండితుడు, అంతటి వృద్ధుడు, ఆయన పాదం ముట్టుకొన్నాడన్న వార్త ఆనాడు తెలుగు నాట ఎంత సంచలనం కలిగించి ఉంటుందో ఊహించుకోండి. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి వంటి బిరుదులు లభించాయి. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, ఆ యేడే ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్, అదే యేడు ఆంధ్ర విశ్వవిద్యాలయంవారి కళాప్రపూర్ణ. 1966లో తన జీవితాన్ని ‘నా కథ’ అని పద్యాలలోనే వ్రాసుకొన్నారు. మరాఠీలో ప్రసిద్ధమైన దయా పవార్ ఆత్మకథ ‘బలుతం’ 1978లో వచ్చిందని జ్ఞాపకముంచుకొంటే, మన కవి ఎంత ముందు నడిచాడో తెలుస్తుంది. 1971 జూలై 24న జాషువాగారు గుంటూరులో పరమపదించారు.

హరిశ్చంద్ర నాటకం చూసిన పెద్దలు మన సంఘంలో ఇంకా ఉన్నారు. కాటి సీను రాగానే హాలు నిశ్శబ్దమై, హరిశ్చంద్ర పాత్రధారి రాగం ఎత్తుకొని పాడే శ్మశానపు పద్యాలకు “వన్స్ మోర్” అని కేకలు వేయడం వారికి బాగా తెలుసు. డి.వి. సుబ్బారావుగారి వంటి నటుల గొంతులో ఆ పద్యాలు పల్లెపల్లెకూ ప్రాకాయి. అవి నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారివి అనుకొనేవారు చాలమంది. అవి జాషువాగారి ‘శ్మశానవాటి’ ఖండికలోని పద్యాలు. రాజూ, పేదా, కవీ, కూలీ ఒకే బూడిద అయిపోయే చోటు అది, అంటరానితనానికి అక్కడొక్కచోటే తావు లేదని కవి భావం. ఎంత చేదైన ఓదార్పో చూడండి. బ్రతికి ఉండగా దొరకని సమానత కాటిలో దొరుకుతుందని! పైగా కాటి దగ్గర కూడ కులానికొక స్థలం ఉన్న ఊళ్ళు ఈనాటికీ ఉన్నాయి గనుక, ఆ ఓదార్పు కూడ పూర్తిగా నిజం కాలేదు. అయినా నటులు పాడారు, సభలు చప్పట్లు కొట్టాయి, పేరు మాత్రం జనం మరచిపోయారు. పద్యాన్ని నడింట్లోకి పిలిచి, పద్యం చెప్పినవాణ్ణి అరుగు దగ్గర ఆపివేసినట్టయింది.

మన చెన్నపట్నానికీ ఆయనకూ సంబంధం ఉన్నది. 1957 మొదలు 1959 దాకా జాషువాగారు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. ఆంధ్రరాష్ట్రం వేరుపడి అప్పటికి నాలుగేళ్ళు. అరవై దాటిన వయస్సులో, తెలుగువారు తరలిపోతున్న పట్నానికి ఆయన పనికోసం వచ్చారు. 1958లో ‘క్రీస్తు చరిత్ర’ వెలువడినప్పుడు ఆయన ఇక్కడి ఉద్యోగంలోనే ఉన్నారు. రేడియో సంగతి ఆలోచిస్తే ఒకటి తోస్తుంది. రేడియోలో వచ్చే గొంతును ఎవరూ కులం అడగరు. అది వంటింట్లోకి వస్తుంది, పూజగది దాకా వస్తుంది. ఆ రోజుల్లో పురసవాక్కంలోనూ, వేపేరిలోనూ తెలుగువారి ఇళ్ళలో సాయంకాలం రేడియో పెట్టుకొని వినని కుటుంబం అరుదు. అంటే ఆయన తయారుచేసిన కార్యక్రమాలు మన పెద్దల నట్టింట మోగాయన్న మాట. కాశీకి గబ్బిలాన్ని పంపిన కవికి చివరకు గడపలు దాటే సాధనం ఒకటి దొరికింది.

ఇక్కడ అరుంధతి అనే మాటను గూర్చి చెప్పుకోవాలి. మన ఇంట పెండ్లి అయితే కొత్త దంపతులకు అరుంధతీ నక్షత్రం చూపించనిదే తంతు పూర్తి కాదు. సప్తర్షి మండలంలో వసిష్ఠుని ప్రక్కనే మినుకుమినుకుమనే చిన్న చుక్క అది. ఆ అరుంధతి మాతంగ కన్య అని మన పెద్దలు చెప్పే కథ. పతివ్రతలలో మొదటి పేరు ఆమెది, ఆమె పేరు పెట్టుకొన్న బిడ్డలు మాత్రం ఊరి వెలుపల. జాషువాగారు తన కథానాయకుణ్ణి అరుంధతీసుతుడు అని పిలవడంలో ఎత్తిపొడుపు ఎంత ఉన్నదో, హక్కు చెప్పుకోవడం అంత ఉన్నది. ఆకాశంలో నక్షత్రాన్ని మ్రొక్కేవారు నేల మీద ఆమె బిడ్డను చూడరేమని ఆ మాటే అడుగుతుంది.

పేరు మార్చుకోవడం కోసం ఆనాటివారు చాలా శ్రమపడ్డారు. 1917 నవంబరులో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన బెజవాడలో జరిగిన మహాసభ, పంచములన్న మాట వదిలి ఆది ఆంధ్రులన్న పేరు తీసుకొన్నది. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజాగారు తెచ్చిన తీర్మానం మీద ప్రభుత్వం ఆదిద్రావిడ, ఆది ఆంధ్ర నామాలను అంగీకరించింది. మన ప్రక్కనే ఉన్న పెరియమేడు తోళ్ళ వ్యాపారానికి పేరుపడ్డ పేట. ఈ పట్నపు అరుంధతీయుల నాయకుడు ఎల్.సి. గురుస్వామిగారు శాసనమండలి సభ్యులై, తమవారి పిల్లల చదువుకోసం పాటుపడ్డారు. కాబట్టి అరుంధతీసుతుడు ఎక్కడో పల్నాటిలో ఉన్నవాడని మనం అనుకోనక్కరలేదు. అతను మన పొరుగువాడు.

చెన్నపట్నంలో తెలుగువారెవరని లెక్క చెప్పవలసి వస్తే మనం ఏం చెబుతాము? వర్తకులు, ఉద్యోగులు, అచ్చాఫీసులవారు, సినిమావారు అని చెబుతాము. తరతరాలుగా ఈ పట్నపు వీధులు ఊడ్చి, చెత్త ఎత్తి, మురుగు తీసిన కార్పొరేషను కార్మికులలో ఎంతోమంది తెలుగువారే. తెలుగు జిల్లాల నుంచి పొట్టకూటికి వచ్చినవారి సంతతి వారు. ఇంట్లో తెలుగే మాట్లాడుకొంటారు. మన తాతలు ఈ పట్నం చేరడానికీ, వారి తాతలు చేరడానికీ కారణం ఒకటే, బ్రతుకుతెరువు. మరి మన సంఘాల ఉగాది సభలలో, సభ్యుల పట్టికలలో వారి ఇంటిపేర్లు ఎన్ని కనబడతాయో పాఠకులే ఆలోచించాలి. తెలుగు తగ్గిపోతున్నదని బాధపడుతున్నాము. తెలుగును విడవకుండా పట్టుకొని ఉన్న ఇళ్ళు నాలుగు వీధుల అవతలే ఉన్నాయి.

“ఇప్పుడు కులం ఎక్కడున్నదండీ, అవన్నీ పాత మాటలు” అని కొందరు అంటారు. మంచినీళ్ళ గ్లాసు ఒకటి విడిగా పెరటి గట్టు మీద ఉంచే ఇళ్ళు ఇంకా ఉన్నంత కాలం ఆ మాట అనడం తొందరపాటు. మనిషి చేత పాకీపని చేయించరాదని 1993లో ఒక చట్టం, 2013లో దానికంటె గట్టిది మరొకటి వచ్చాయి. అయినా మురుగు గుంటలలో దిగి మనుష్యులు మరణించడం ఆగలేదు. ఈ పనికి వ్యతిరేకంగా దేశమంతా ఉద్యమం నడిపిన బెజవాడ విల్సన్ గారు కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ప్రాంతంలో, ఆ పనే చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే బహుమతి వచ్చింది. అదే యేడు ఆ బహుమతి అందుకొన్న మరొక భారతీయుడు మన పట్నపు సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణగారు. పరాయి రాష్ట్రంలో స్థిరపడ్డ తెలుగువారి గొప్పతనాన్ని గూర్చి మాట్లాడుకొనేటప్పుడు విల్సన్ గారి పేరు మొదటి వరుసలో రావాలి.

జాషువాగారు ఒంటరి కారు. ఆయనకు సమకాలికులైన కుసుమ ధర్మన్నగారు రాజమండ్రి నుంచి, తెల్లవారి దొరతనాన్ని తిట్టేవారికి ఇంట్లోని నల్లదొరతనాన్ని కూడ గుర్తుచేశారు. బోయి భీమన్నగారు ‘పాలేరు’ నాటకం వ్రాసి, 1975లో ‘గుడిసెలు కాలిపోతున్నాయి’కి అకాడమీ బహుమతి పొందారు. కొలకలూరి ఇనాక్ గారు కథలూ విమర్శా వ్రాసి 2018లో ఆ బహుమతి అందుకొన్నారు. జాషువాగారి కుమార్తె హేమలతగారు గోరాగారి కుమారుడు లవణంగారిని వివాహమాడి, స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్రపడ్డవారి మధ్య, నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్య పనిచేశారు. 2008లో ఆమె మరణించారు. తండ్రి పద్యంలో అడిగినదాన్ని కూతురు చేతల్లో పెట్టిందని చెప్పుకోవచ్చు. తండ్రిని గూర్చి ఆమె ‘మా నాన్నగారు’ అనే పుస్తకం వ్రాశారు. కవిగారి ఇంటి మాటలు తెలియాలంటే ఆ పుస్తకం చదవాలి.

చివరిగా ఇంటింటి పెద్దలకు ఒక మనవి. మన పిల్లలు చాలమందికి తెలుగు మాట్లాడడం వచ్చినా చదవడం రాదు. ‘గబ్బిలం’ పద్యాలు వారికి కొంచెం కష్టమే. కాబట్టి రోజుకు ఒక పద్యం చొప్పున మీరు చదివి, అర్థం చెప్పండి. నెల తిరిగేసరికి పిల్లలు తామే రాగం తీస్తారు. గిజిగాడుతో మొదలుపెట్టండి, కాని గిజిగాడుతో ఆపకండి. ఈ కవిని సభలో నుంచి ఎందుకు లేపివేశారని పిల్లవాడు అడిగితే మాట తప్పించకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సెప్టెంబరు 28 ఎంతో దూరంలో ఉండదు. ఆనాడు పద్యపఠనం పెట్టేవారు, మన వీధులు శుభ్రం చేసే తెలుగు కుటుంబాల పిల్లలను కూడ పిలవండి. వేదిక మీద వారి చేతా పద్యాలు చదివించండి. మన పిల్లల సరసన కుర్చీలు వేయించి, అదే కాఫీ అదే గ్లాసులో అందించండి. జాషువాగారికి శాలువలు, బిరుదులు చాలానే వచ్చాయి. ఆయన కోరినది అవి కాదు, లోపలికి దారి.

వచ్చే నెల ఈ పుటలోనే మరొకరిని గూర్చి ముచ్చటించుకొందాము.